నైసుగా పట్టించు

సంక్రాంతికి వారం ముందు అమ్మ రెండు స్టీలు డబ్బాలు చేతికిచ్చి నన్ను పిండిమరకి పంపింది. ఒకదాన్లో జంతికలకి బియ్యం, ఇంకోదాన్లో సున్నుండలకి వేయించిన మినుములు. "ఒరే, బియ్యం నైసుగా పట్టించు. మినుములు మాత్రం మరీ నైసు వద్దు, కాస్త పలుకుండాలి. లేకపోతే ఉండ అంగిలికి అతుక్కుపోతుంది. కారం మర పక్కన డబ్బా పెట్టకు. దగ్గరుండి చూసుకో. ఫోన్ చూసుకుంటూ నిలబడకు." ఆ చివరి మాట దగ్గర మాత్రం గొంతు మారింది.

మా అపార్ట్‌మెంట్ వెనక సందులో గిర్నీ నడిపే ఆయనది సిద్దిపేట వైపు. డబ్బా మూత తీసి బియ్యం చూసి, "నైస్ పట్టాల్నా అన్నా, దొడ్డుగ పట్టాల్నా?" అన్నాడు. అమ్మది తణుకు దగ్గర పల్లెటూరు. ఆవిడ మర అనేది ఈయనకి గిర్నీ. ఆవిడ బరక అంటే ఈయన దొడ్డు అంటాడు. పిండి విషయంలో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మాట ఒక్కటే, అది ఇంగ్లీషుది. ఇద్దరూ దాన్ని ఇంగ్లీషు అనుకోరు.

ఆయన గొట్టం కింద చెయ్యి పెట్టి, పడుతున్న పిండిలోంచి చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. పిడి కొంచెం బిగించాడు. మళ్ళీ నలిపాడు. తలూపి, నన్నూ చూడమన్నాడు. చూశాను. వెచ్చగా ఉంది, నైసుగా ఉంది. సరిగ్గా అప్పుడే గుర్తొచ్చాడు నా మిత్రుడు.

వాడిది గోదావరి పక్కన చిన్న ఊరు. వాళ్ళ నాన్నగారు పిండిమర నడిపేవారు. మూడేళ్ళ కిందట ఒక రాత్రి తన మొదటి కథ నాకు పంపాడు. పదకొండు పేజీల ఫైలు. "మా నాన్న మర మీద రాశా. ఇంకెవరికీ చూపించలేదు" అని కింద ఒక మెసేజ్. ఆ రోజు మా టీమ్‌లో రిలీజు ఉంది. ఇంటికొచ్చేసరికి పదకొండు దాటింది. ఫైలు తెరిచాను. మొదటి పేజీ నిండా వాన పడుతోంది. సగం వాన చూసి మూసేశాను. పొద్దున మెట్రోలో వేలాడుతూ "నైస్" అని కొట్టి, పక్కన బొటనవేలు బొమ్మ పెట్టాను.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి "ఏది నచ్చింది?" అన్నాడు. నేను తడుముకోలేదు, ఇప్పుడు తల్చుకుంటే అదే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. "ముగింపు బావుందిరా. అస్సలు ఊహించలేదు" అన్నాను. అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "సర్లే" అన్నాడు.

ఆ కథకి ముగింపు లేదు. పదకొండో పేజీ చివర, వేరే రంగులో, "ఇక్కడ ఆగిపోయాను. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు" అని ఉంది. ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది, వాడు ఫోన్లు ఎత్తడం తగ్గించాక, అనుమానమొచ్చి ఫైలు చివరికి వెళ్తే. అప్పుడైనా మొత్తం చదివానా అంటే, లేదు. మొహం చెల్లలేదు. మేం దెబ్బలాడుకోలేదు. పుట్టినరోజులకి మెసేజ్‌లు పెట్టుకున్నాం. ఎవరైనా చనిపోతే ఒకరికొకరం చెప్పుకున్నాం. వాడు మాత్రం మళ్ళీ ఏదీ పంపలేదు. రాస్తున్నాడో లేదో కూడా అడగలేకపోయాను.

గిర్నీ నుంచి వచ్చిన రాత్రి, అమ్మ పిండి జల్లిస్తుంటే, నేను ఆ నాలుగక్షరాల ఇంగ్లీషు మాటని నిఘంటువులో వెతుక్కుంటూ కూర్చున్నాను. చెయ్యాల్సిన పని చెయ్యలేనప్పుడు దాని పక్కనున్న పని చెయ్యడం నాకు బాగా అలవాటు.

లాటిన్‌లో 'నెస్కియుస్' అని ఒక మాట. 'నె' అంటే కాదు, లేదు. 'స్కిరె' అంటే తెలియడం. కలిపితే, ఏమీ తెలియనివాడు. ఈ 'స్కిరె' నుంచే సైన్స్ వచ్చింది, కాన్షస్ వచ్చింది. అంటే సైన్సూ నైసూ ఒకే తల్లి పిల్లలు, ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలియదు. లాటిన్ నుంచి పాత ఫ్రెంచిలోకి వచ్చేటప్పటికి ఆ మాట కాస్త అరిగి 'నైస్' స్పెల్లింగుకి వచ్చింది. అర్థం: తెలివితక్కువ, వెర్రిబాగుల. నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి మాటలు బళ్ళకొద్దీ ఇంగ్లీషులోకి దిగాయి కదా, వాటితోపాటు ఇదీ దిగి, దాదాపు 1300 నాటికి అక్కడ స్థిరపడింది. చాసర్ కాలంలో ఒక మనిషిని నైస్ అన్నారంటే, వాణ్ణి మెచ్చుకున్నట్టు కాదు. వాడికి బుర్ర లేదన్నట్టు.

(ఫ్రాన్సులో ఇదే స్పెల్లింగుతో ఉన్న ఊరికీ దీనికీ చుట్టరికం లేదు. దాన్ని నీస్ అని పలుకుతారు, గ్రీకుల విజయదేవత పేరు మీద వచ్చిన పేరు. మన చిన్నప్పటి చక్కెర పలుకుల 'నైస్ టైమ్' బిస్కెట్‌ని ఏ లెక్కలో వెయ్యాలో మీ ఇష్టం.)

అక్కడి నుంచి ఈ మాట వేసిన వేషాలు చూస్తే మతి పోతుంది. బుర్ర లేనివాడు ఎలా ఉంటాడు? ఆడంబరంగా, అతిగా, కాస్త విచ్చలవిడిగా ఉంటాడు. కాబట్టి నైస్ అంటే విచ్చలవిడి. లేదా ఏమీ తెలియక ముడుచుకుపోతాడు. కాబట్టి నైస్ అంటే బిడియం. బిడియపడేవాడు దేన్నీ ఓ పట్టాన ముట్టుకోడు. కాబట్టి నైస్ అంటే ప్రతిదానికీ వంకలు పెట్టేవాడు, ఏదీ ఆననివాడు. ఆననివాడి కంటికి చిన్న చిన్న తేడాలు కూడా కనిపిస్తాయి. కాబట్టి నైస్ అంటే సూక్ష్మమైన, ఖచ్చితమైన. ఈ అర్థం ఇప్పటికీ పూర్తిగా చావలేదు. రెండు విషయాల మధ్య 'నైస్ డిస్టింక్షన్' అంటే వెంట్రుకవాసి తేడా అని, అందమైన తేడా అని కాదు. సూక్ష్మమైనది సన్నగా, పల్చగా కూడా ఉంటుంది. పల్చనిది పెద్ద విషయం కాకపోవచ్చు. షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియెట్'లో, రోమియోకి అందాల్సిన ఉత్తరం అందలేదని తెలిసి ఫ్రయర్ లారెన్స్ గుండెలు బాదుకుంటూ, అది నైస్ ఉత్తరం కాదంటాడు. ఉత్తరం బాగా రాయలేదని కాదు. అది అల్లాటప్పా ఉత్తరం కాదు, రెండు ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి అని. ఇవాళ్టి ఇంగ్లీషుతో చదివితే ఆ వాక్యం ఎంత వింతగా వినిపిస్తుందో!

నేను వరసగా చెప్పాను కానీ ఇవన్నీ క్యూ కట్టి రాలేదు. ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. 16, 17 శతాబ్దాల్లో ఎవరైనా నైస్ అని రాస్తే, వాళ్ళు ఏ అర్థంలో రాశారో తేల్చడం చాలాచోట్ల కష్టమని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువే ఒప్పుకుంది. ఒకే మాట తిట్టూ మెప్పూ రెండూ అయి కూర్చుంటే, అన్నవాడి మొహం చూస్తే తప్ప తెలియదు. రాతలో మొహం ఉండదు.

చివరికి 18వ శతాబ్దం రెండో సగంలో, రుచి తెలిసిన మనుషులు మెచ్చేది నైస్ అనే దారిలో, 'బాగున్నది' అనే అర్థం స్థిరపడింది. 19వ శతాబ్దంలో దానికి మంచి మనసు కూడా తోడైంది. నైస్ మనిషి అంటే దయగల మనిషి. వెర్రివాడి నుంచి మంచివాడి దాకా అయిదు వందల ఏళ్ళు పట్టింది.

బాగున్నది అన్న అర్థం రాగానే మాట ఎంత తేలికైపోయిందో జేన్ ఆస్టెన్ వెంటనే పట్టేసింది. 'నార్థాంగర్ ఆబీ'లో పదిహేడేళ్ళ కాథరిన్, హెన్రీ, అతని చెల్లెలు ఎలినార్ కలిసి బాత్ పట్టణం పక్కన కొండ మీదకి షికారు వెళ్తారు. ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' అనే భయానక నవల గురించి మాటలు వస్తాయి. 1794లో వచ్చి అప్పటి కుర్రకారుని ఊపేసిన నవల అది. కాథరిన్ దాన్ని లోకంలోకెల్లా నైస్ పుస్తకం అంటుంది. హెన్రీ వదలడు. నైస్ అంటే బైండింగు శుభ్రంగా ఉందనా నీ ఉద్దేశం అని ఆటపట్టిస్తాడు. ఈ రోజు నైస్, మన షికారు నైస్, మీరిద్దరు నైస్, ఇక ఈ ఒక్క మాట ఉంటే అన్నిటికీ సరిపోతుంది అని దెప్పుతాడు. అప్పుడు ఎలినార్ అన్నని అదే మాటతో, కానీ పాత అర్థంతో మందలిస్తుంది, నీకు వంకలు పెట్టడం ఎక్కువ, వివేకం తక్కువ అన్నట్టు. ఒకే పేజీలో మాట కొత్త మొహమూ పాత మొహమూ ఎదురెదురుగా నిలబడతాయి. ఆస్టెన్ 1817 జులైలో చనిపోయింది. ఆ నవల అచ్చులో చూసుకోలేదు, ఆ ఏడాది చివర్లో వచ్చింది.

డిగ్రీ చదివేటప్పుడు ఈ ఘట్టం చదివి నేను హెన్రీ పక్షం చేరాను. భాష తెలిసిన కుర్రాడు, తెలియని అమ్మాయి, ఇంకేం కావాలి ఆ వయసులో? ఇప్పుడు మళ్ళీ చదివితే పక్షం మారింది. కాథరిన్ ఆ పుస్తకం చదివింది. తిండి ధ్యాస మరిచి, నల్ల ముసుగు వెనక ఏముందో అని ఒణుకుతూ చదివింది. ఆమెకి మాటల కొరత ఉందేమో గాని, చదవడానికి లోటు లేదు. నైస్ అనేది ఆమె నోట్లో బరువైన మాట. నా నైస్ వెనక ఏమీ లేదు, సగం పేజీ వాన తప్ప.

మన దగ్గర ఈ మాట చేసుకున్న కాపురం వేరు. ఇంగ్లీషు వాళ్ళ దయాగుణం మనం తీసుకోలేదు. మనం పట్టుకుంది స్పర్శని. పిండి నైసు, రవ్వ నైసు, చీర ముట్టుకుంటే నైసుగా ఉంది. నున్ననిదీ సన్ననిదీ కలిసిన ఒక గుణం. నిఘంటువులో 'సన్నని, పల్చని' అని చచ్చిపోయిన అర్థం చూసినప్పుడు, ఇదేంటి, మా అమ్మ డబ్బాలో బతికే ఉందిగా అనిపించింది. ఆ నున్నదనం నుంచి తెలుగువాళ్ళు ఇంకో అడుగు వేశారు. నున్ననిది జారుతుంది కదా. "నైస్‌గా జారుకున్నాడు." "నైస్‌గా అడిగి విషయం లాగేశా." "వాడు నన్ను నైస్ చేసి అయిదు వేలు పట్టుకుపోయాడు." అక్కడ నైస్ అంటే మంచితనం కాదు, మంచితనం పూసుకున్న గడుసుదనం. ఇంగ్లీషులో అమాయకుడిగా బయల్దేరిన మాట తెలుగులోకి వచ్చేసరికి టక్కరిదయింది. ఏ భాషా పండితుడూ కూర్చుని చెయ్యలేదు ఈ పని. గిర్నీలూ బస్టాండులూ చేశాయి.

నిజానికి అమ్మ దేన్నీ నైస్ అని మెచ్చుకోవడం నేను వినలేదు. వంట రుచి చూసి "ఉప్పు చాల్లేదు", "పోపు మాడింది", "ఇవాళ పులుపు కుదిరింది" అంటుంది. ఎప్పుడూ ఏదో ఒక వస్తువు పేరు ఉంటుంది ఆ వాక్యంలో. నాన్న మాత్రం "బానే ఉంది" అనేవాడు. 'బావుంది' వేరు, 'బానే ఉంది' వేరు. మధ్యలో దూరిన ఆ 'నే'లో ఒక సమీక్షంతా ఉంటుంది. అది విన్న రోజు అమ్మ ఇంకోసారి వడ్డించేది కాదు.

మన భాషలోనూ మాటలు ఇలాగే ఊళ్ళు మారాయి. ఒకప్పుడు కంపు అంటే సువాసన కూడా. ఇప్పుడు ఎవరి ఇంటికైనా వెళ్ళి మీ ఇల్లు కంపు కొడుతోందని చూడండి. సభికులంటే జూదరులు, ఇప్పుడు శాలువాలు కప్పించుకునే పెద్దమనుషులు. మర్యాద అంటే హద్దు, ఎల్ల. ఇవన్నీ పోటీపరీక్షల పుస్తకాల్లో అర్థవిపరిణామం అని ఒక పట్టికలో ఉంటాయి, మార్కు కోసం బట్టీ కొట్టాం. ఆ పట్టికలో ఒక మాట ఉండాల్సింది, నాకు ఎక్కడా తగల్లేదు. ముగ్ధ.

ముగ్ధ కథా నైస్ కథా అచ్చం ఒకటే. సంస్కృతంలో 'ముహ్' అనే ధాతువుకి స్పృహ తప్పడం, తికమకపడడం అని అర్థం. దాన్నుంచే మోహం వచ్చింది, మూఢుడు వచ్చాడు, ముగ్ధ వచ్చింది. మూఢ, ముగ్ధ రెండూ ఒకే ధాతువుకి ఒకే రకం రూపాలు, ఎలా అన్నా తప్పులేదని పాణిని ఒప్పుకున్నాడు కూడా. మొదట రెంటికీ అర్థం మతి చెదిరినది అనే. తర్వాత దారులు వేరయ్యాయి. మూఢుడు అక్కడే ఉండిపోయాడు. ముగ్ధ మాత్రం తెలియనిది, అమాయకమైనది, అమాయకం కాబట్టి ముద్దొచ్చేది, చివరికి మనోహరమైనది అయి కూర్చుంది. తెలియకపోవడం నుంచి అందం దాకా లాటిన్ మాట సముద్రాలు దాటి చేసిన ప్రయాణాన్ని మనవాళ్ళు ఇంట్లో కూర్చునే చేసేశారు.

ఇందులో నాకు మింగుడుపడనిది ఒకటి ఉంది. అలంకారశాస్త్రంలో నాయికలు ముగ్ధ, మధ్య, ప్రౌఢ. ఏమీ తెలియనిది మొదటి మెట్టు, అన్నీ తెలిసింది చివరి మెట్టు. పూర్తిగా తెలియకపోవడమే ఆడపిల్ల అందం. అదే మగవాడైతే "పాట విని ముగ్ధుడయ్యాడు" అంటాం. అంటే అతను అందంగా ఉన్నాడని కాదు, కాసేపు మైమరిచాడని, తర్వాత లేచి ఇంటికి వెళ్ళిపోతాడని. పెళ్ళిచూపుల భాషలో "అమ్మాయి చాలా నైస్" అన్నప్పుడు, ఆ నైస్‌లో ఎంత పాలు లాటిన్ ఉందో అని నాకో అనుమానం. మా చెల్లెలు ఒకసారి అలాంటి మాట విని, "నైస్ అంటే ఎదురు చెప్పదనా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ సంబంధం కుదరలేదు, చెల్లెలు ఇప్పుడు హాయిగా ఉంది.

దీనికి ఆఫీసులో నాకో సాక్ష్యం దొరికింది. లినక్స్‌లో నైస్ అనే పేరుతోనే ఒక కమాండు ఉంది, యూనిక్స్ రోజుల నుంచీ ఉంది. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకీ ఒక నైస్ విలువ, మైనస్ 20 నుంచి 19 దాకా. మామూలుగా సున్నా. 19 ఉన్నది మహా నైస్. ఎవరొచ్చినా ముందు మీరు కానివ్వండి అని పక్కకి తప్పుకుంటుంది, అందరి పనీ అయ్యాక మిగిలిన సమయంతో తన పని చేసుకుంటుంది. మామూలు మనుషులు ఈ విలువ పెంచగలరు గాని, సున్నా కిందకి దించాలంటే రూట్ అధికారం కావాలి. నైస్‌గా ఉండకపోవడానికి పర్మిషన్ కావాలి. ఇది రాసినవాళ్ళకి లోకం బాగా తెలుసు.

నేనూ జీవితమంతా అలాంటి నైస్ మనిషిననే అనుకున్నాను. ఎవరినీ నొప్పించను. ఎవరి కథ మీదా, ఎవరి కవిత మీదా చెడ్డ మాట అనలేదు. "ఎంత మంచివాడో" అంటారు నా గురించి. ఆ రాత్రి నిఘంటువు మూస్తూ, నేను నైస్ అని కొట్టిన క్షణంలో ఆ మాట నాకు ఏ అర్థంలో వర్తిస్తుందా అని లెక్క చూసుకున్నాను. మూడు వర్తించాయి. తెలియనివాణ్ణి. ముట్టుకోవడానికి ఇష్టపడనివాణ్ణి. గిర్నీ భాషలో, నైస్‌గా జారుకున్నవాణ్ణి.

మర్నాడు సెలవు. పొద్దున్నే ఆ పదకొండు పేజీలూ చదివాను. ఫోన్లో కాదు, కింద జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, పెన్సిలు పట్టుకుని.

వాన పేజీన్నర పడింది. తర్వాత కథ మొదలైంది. డీజిల్ ఇంజను మర, గొట్టం మీద బోర్లించిన డబ్బాలోంచి వచ్చే కూత రెండు ఊళ్ళ అవతలికి వినిపించడం, దాన్ని విని ఆడవాళ్ళు డబ్బాలు ఎత్తుకుని బయల్దేరడం. రాత్రి ఇంటికొచ్చిన తండ్రి కనురెప్పల వెంట్రుకల మీద పిండి ఉంటుంది. కొడుకు నిద్రలో కళ్ళు తెరిస్తే, నాన్న ఒక్క పగట్లో ముసలాడైపోయాడని భయపడి ఏడుస్తాడు. అక్కడ నా పెన్సిలు ఆగిపోయింది. రాళ్ళు అరిగి నున్నబడితే గింజ నలగదు. అందుకని తండ్రి వాటిని విప్పి, లాంతరు పెట్టుకుని, సుత్తితో కక్కు కొడతాడు. రాతి ముక్కలు చేతి వెనక గుచ్చుకుని నల్లటి చుక్కలుగా ఉండిపోతాయి. కక్కు కొట్టాక మొదట కాసిని నూకలు పోసి ఆడించాలి. ఆ పిండిలో రాతిపొడి ఉంటుంది, ఎవరికీ ఇవ్వకూడదు. ఒక మధ్యాహ్నం తండ్రి లేడు. కుర్రాడొక్కడే ఉన్నాడు. చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ వస్తుంది. పారబోయడానికి పక్కన పెట్టిన ఆ పిండిని చిటికెడు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, నైసుగానే ఉంది బాబూ, నాకిచ్చెయ్యి అంటుంది. ఇంట్లో ఏమీ లేదంటుంది. కుర్రాడికి తెలుసు అందులో ఏముందో. చెబితే ఆమె ఖాళీ చేతులతో వెళ్ళాలి. చెప్పకపోతే తింటుంది.

కథ అక్కడ ఆగింది. వేరే రంగులో ఆ వాక్యం.

ఆ రోజు వాడికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మెయిల్లోనే గాని, ఉత్తరం లాగే. చదవలేదని మొదటి వాక్యంలో ఒప్పుకున్నాను. సాకులు రాసి, మళ్ళీ కొట్టేశాను. రిలీజు సంగతి కూడా కొట్టేశాను. తర్వాత కనురెప్పల గురించి, నల్లటి చుక్కల గురించి రాశాను. వాన పేజీన్నర అక్కర్లేదని, కథ ఇంజను కూత దగ్గర మొదలైతే చాలని రాశాను. ముసలమ్మకి చూపు ఆనదని ముందే రెండుసార్లు చెప్పావు, ఆమె వేళ్ళతో నలిపినప్పుడే మాకు తెలిసిపోతుంది, ఒకటి తీసెయ్ అని రాశాను. ముగింపు ఏం కావాలో నాకూ తట్టలేదు, కుర్రాడు ఏం చేసినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టకూడదు అని మాత్రం రాశాను. పంపేముందు ఎన్నిసార్లు చదివానో చెప్పను. అమ్మ వచ్చి "ఏం పరీక్షరా అది?" అంది.

పదకొండు రోజులు ఏమీ రాలేదు. పన్నెండో రోజు మూడు లైన్లు. వాన తియ్యనన్నాడు. చూపు సంగతి ఒకచోట తీసేశాడట. మూడో లైను ఇది: "నాన్నకి ఇప్పుడు అస్సలు వినపడటం లేదు, ఇన్నేళ్ళ మర హోరుకి. కొన్ని అడగలేకపోతున్నా. మీ దగ్గర గిర్నీ ఉందన్నావుగా. కక్కు కొట్టాక ఎంత పిండి పారబొయ్యాలి, అందులో రాయి ఉన్నట్టు వేలికి తెలుస్తుందా లేదా, కాస్త అడిగి చెప్పు."

ఆదివారం వెళ్ళాను. గిర్నీ ఆయన నా చేతిలో డబ్బా లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. అడిగాను. "రాయిని బట్టి ఉంటది అన్నా. రెండు కిలోలన్న ఆడాలె." వేలికి తెలుస్తుందా అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని, చూపుడువేలు చూసుకుని, "ఎహె, వేలికేం తెలుస్తది. పంటికి తెలుస్తది" అన్నాడు. తర్వాత అనుమానంగా చూసి, "ఎందుకన్నా, నువ్వేమన్న గిర్నీ పెడ్తున్నవా?" అన్నాడు.

ఆ మాట ఉన్నదున్నట్టు మిత్రుడికి పంపాను. అరగంటలో ఫోన్ చేశాడు, మూడేళ్ళలో మొదటిసారి తనంతట తాను. ఆ 'పంటికి తెలుస్తది' కథలో వాడుకోవచ్చా అని అడిగాడు. వాడుకో అన్నాను. "నిన్ను కాదురా, ఆయన్ని అడుగు" అన్నాడు. వచ్చే ఆదివారం వెళ్ళాలి. గోధుమలు కూడా అయిపోయాయి.